యాప్ వచ్చిందా? అయితే రిజిస్టర్ తీసేయండి!

తల్లులారా, తండ్రులారా, సర్పంచులారా!

టీకాల రోజున మీ సబ్ సెంటర్‌కి వెళ్లి అరగంట కూర్చోండి. ఏడో నెల గర్భిణి వస్తుంది. ఏఎన్ఎం బీపీ చూస్తుంది, బరువు తూస్తుంది, వేలికి సూది గుచ్చి రక్తం చూస్తుంది. ఆ అంకెలు ముందు తల్లీబిడ్డల కార్డులోకి ఎక్కాలి. తర్వాత గర్భిణులు, పిల్లల వివరాలు రాసే ఆర్‌సీహెచ్ రిజిస్టర్‌లోకి. ఆ తర్వాత ట్యాబ్ తెరిచి అన్‌మోల్ యాప్‌లోకి. సిగ్నల్ లేకపోతే వాటిని పైకి పంపే పని రాత్రికి, ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టాక. పక్కనే పసిబిడ్డకు టీకా వేస్తే దానికి టీకాల యాప్ యూ-విన్‌లో వేరే లెక్క. ఆ గర్భిణి బీపీ 140/90 దాటిందని కార్డు మీద రాసే ఉంటుంది. కానీ కాళ్లు వాచాయా, తలనొప్పి ఉందా, చూపు మసకబారుతోందా అని అడిగే తీరికే ఉండదు.

అన్‌మోల్ నిన్న మొన్నటిది కాదు. 2016లో అది ముందుగా మొదలైంది ఆంధ్రప్రదేశ్‌లోనే. కాగితాల బరువు తగ్గుతుందనే కదా ట్యాబులిచ్చింది! కాగితం తగ్గలేదు సరికదా, ట్యాబు తోడైంది. యాప్ మీద నమ్మకం లేక పైఅధికారులు రిజిస్టర్ అడుగుతారు. రిజిస్టర్ ఉందిగా అని యాప్‌లో తప్పులు వదిలేస్తారు. ఎవరికి ఏ పరీక్ష ఎప్పుడు చేయాలో గుర్తుచేసే ట్యాబు మంచి పనిముట్టే. వాడేవాళ్ల ఇబ్బందులు వినకపోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

ప్రభుత్వానికి సరిదిద్దుకోవడం చేతకాక కాదు. 2021 మే 1న 18–44 ఏళ్లవారికి కోవిడ్ టీకా మొదలైనప్పుడు, కోవిన్ పోర్టల్‌లో ముందే స్లాట్ తీసుకుంటేనే సూది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు చాలామంది బయటే ఉండిపోయారు. అదే నెల 24న, ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే పేరు రాయించుకునే వీలిచ్చారు. అంత పెద్ద వ్యవస్థ మూడు వారాల్లో మారినప్పుడు, ఏఎన్ఎంల గోడు వినడానికి ఇన్నేళ్లెందుకు?

కొత్త యాప్ తెచ్చే ఉత్తర్వులోనే ఏ రిజిస్టర్ రద్దవుతుందో రాయాలి. రద్దు చేయడం కుదరదంటే ఆ యాప్‌నే ఆపాలి. రాష్ట్రమంతా రుద్దే ముందు, సిగ్నల్ అందని ఏజెన్సీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో మూడు నెలలు వాడి చూడాలి. అక్కడి ఏఎన్ఎంలు సరేనన్నాకే ముందుకెళ్లాలి. ఒకసారి ఎక్కించిన వివరం మిగతా యాప్‌లకు దానంతటదే చేరాలి. ఓటీపీ రాలేదని ఎవరికీ వైద్యం ఆగకూడదు. ట్యాబు చెడితే ఎవరికి చెప్పాలో, ఆ పేరూ ఫోన్ నంబరూ పీహెచ్‌సీ గోడ మీద ఉండాలి.

వచ్చే గ్రామసభలో ఈ మాట లేవనెత్తండి. తీర్మానం చేయించి ఒక ప్రతి పీహెచ్‌సీ వైద్యాధికారికి, ఒకటి జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి ఇవ్వండి. ఏఎన్ఎంలను ముందు నిలబెట్టకండి, వాళ్లకు మెమోలొస్తాయి. మీరే మాట్లాడండి.