ఆగ్రాలో రాతిపూలు

ఆగ్రాకు బోయినవారెల్లరును మొదట తాజమహలునకే పోవుదురు. మేమును పోయితిమి. కాని యది శుక్రవారము. ఆనాడు నమాజునకు వచ్చువారికి దప్ప చూడవచ్చినవారికి ప్రవేశము లేదు. ముందుగా విచారింపకపోవుట మా తెలివితక్కువయే. యాత్ర దలచిన సోదరీమణులు ఈ మాట మఱవకుందురు గాక.

అటనుండి యమున దాటి, ఆవలి గట్టుననున్న ఇతిమాదుద్దౌలా సమాధికి బోయితిమి. నూర్జహాను తన తలిదండ్రులకై దీనిని 1622 మొదలు 1628 వఱకు గట్టించెను. తండ్రి మీర్జా గియాసు బేగు పారసీకదేశమునుండి బ్రతుకుదెరువునకై వచ్చి, జహంగీరు పాదుషాకు మంత్రి యయ్యెను. తల్లి అస్మతు బేగము సామాన్యురాలు కాదు. గులాబి అత్తరును గనుగొన్న దామెయే యని జహంగీరు తన చరిత్రలో వ్రాసికొన్నాడు. భార్యకై భర్త కట్టించిన తాజమహలును ఎఱుగనివారు లేరు. కన్నవారికై కూతురు కట్టించిన ఈ సమాధిని జూడవచ్చువారు మాత్రము కొలదిమందియే. వెలుపలి గోడలనిండ పూలగుత్తులు, మధుపాత్రలు, సైప్రసు వృక్షములు. దూరమునుండి చిత్తరువు లనుకొంటిమి. దగ్గఱకు బోయి చూడగా పూసిన రంగు కాదు, అంతయు రాయియే.

ఈ పనిని పర్చీన్‌కారీ యందురు. నేటికిని ఆగ్రా సందులలో దీనినే నమ్ముకొని బ్రతుకు కుటుంబములు కలవు. ఆ సాయంకాలము ఒక యింటి వసారాలో నేలపై గూర్చుండి పనిచేయు ముసలి పనివానిని జూచితిమి. ఎడమచేత రాతిముక్కను సానకానించి, కుడిచేత విల్లువంటి కఱ్ఱతో సానను ద్రిప్పుచుండెను. సానకు కురువిందపు పొడి, నీరు. లాజవర్దము, అకీకు, ఫిరోజా, పగడము, ఏ రాయియైనను పలుచని రేకు కావలసినదే. చలువరాతికి ఎఱ్ఱరంగు పూసి దానిపై మొనతో పూవు గీయుదురు. గీత తెల్లగా గనబడును. ఆ గీతలోపల ఉలితో దొలిచి, రేకును అం దిమిడ్చి చూతురు. వెండ్రుకవాసి యెక్కువైనను రేకు మరల సానకు బోవలసినదే. ఇమిడిన పిమ్మట జిగురుతో నతికి నునుపు చేయుదురు. మన కంసాలి కెంపులు పొదుగునప్పుడు రాతికి దగినట్లు బంగారము నొత్తుకొనవచ్చును. ఇచ్చట రెండును రాళ్ళే, ఒకటి మఱియొకదానికి లొంగదు. బొటనవ్రేలంత పూవొకదానిలో మేము 23 ముక్కలు లెక్కించితిమి.

బజారులో చలువరాయియని కొనిన పెట్టె నాయనకు జూపితిమి. ఆయన మాటాడక గోటితో నడుగున గీచెను. గోటినిండ తెల్లని పొడి! అది బలపపురాయి. చలువరాయి గోటికి లేవదు. ఇంత చిన్న పరీక్ష యెఱుగక చలువరాతి వెల యిచ్చితిమి. అయినను బుద్ధి రాలేదు. ఆయన చేసిన చిన్న పళ్ళెమునకు, అలవాటు చొప్పున, సగమునకు బేరమాడితిమి. ఎన్నాళ్ళు పట్టెనని యడుగగా పదునొకండు దినము లనెను. ఎడమచేతి గోళ్ళు సగ మరిగియుండెను. నడుమనడుమ దగ్గు. రాతిదుమ్ము ఊపిరితిత్తులను దినివేయునని మే మెఱుగుదుము, ఆయనయు నెఱుగును. ముక్కునకు గుడ్డయైనను లేదు. కొడుకులు ఈ పని నేర్చిరా యంటిమి. ఒక్కడును నేర్వలేదనియు, తాను నేర్పలేదనియు జెప్పి నవ్వెను. ఏది ముందో మేము మరల నడుగలేదు. అడిగిన వెలయే యిచ్చి పళ్ళెము దెచ్చుకొంటిమి.

మఱునా డుదయమున తాజమహలు చూచితిమి. గోపురమునుగూర్చి వ్రాసినవారు చాలమంది కలరు, మేము వ్రాయము. ముంతాజు సమాధి చుట్టునున్న చలువరాతి జాలీయొద్దనే చాలసేపు నిలిచి పూలను జూచితిమి. ఎడమకు కుడి సరితూగునట్లు కట్టిన ఆ మందిరమున, 1666లో మరణించిన షాజహాను సమాధి యొక్కటే తూకము దప్పి ప్రక్కకు నున్నది.

పళ్ళెమును జూచి మా యింటి పిల్లలు రంగు వేసిన దనిరి. కనులు మూసికొని వ్రేలితో దడవుడంటిమి. అతుకెచ్చట నున్నదో ఇంతవఱకు ఎవ్వరును జెప్పలేకపోయిరి.