గర్వం పౌరుడు తీర్చాల్సిన బాకీ కాదు

2016 నవంబర్ 30న ఢిల్లీలో సుప్రీంకోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దేశంలోని ప్రతి సినిమా హాల్లో బొమ్మ మొదలయ్యే ముందు జాతీయ గీతం వినిపించాలి, తెరమీద జాతీయ పతాకం కనిపించాలి, ప్రేక్షకులంతా లేచి నిలబడాలి, గీతం అయ్యేదాకా ఎవరూ లోపలికీ బయటికీ తిరగకుండా తలుపులు మూసి ఉంచాలి. ఇలా చేస్తే దేశం మీద ప్రేమ, గౌరవం పెరుగుతాయని ధర్మాసనం నమ్మింది. ఏడాది తిరిగిన తర్వాత, 2018 జనవరి 9న, అదే కోర్టు పట్టు సడలించింది. గీతం వేయాలా వద్దా అన్నది హాలు యజమాని ఇష్టానికి వదిలేసి, వేస్తే మాత్రం లేచి నిలబడాలంది. కోర్టు వరకు ఆ వ్యవహారం అక్కడితో సద్దుమణిగింది. దాని వెనకున్న ప్రశ్న మాత్రం తేలలేదు. పౌరుడు తన దేశాన్ని చూసి గర్వపడి తీరాలా? పడకపోతే అతనిలో ఏదో లోపం ఉన్నట్టా? పౌరుడు దేశానికి బాకీ పడినవి చాలానే ఉన్నాయి. పన్ను కట్టాలి, చట్టం పాటించాలి, సాటి మనిషి హక్కుకు అడ్డు రాకూడదు, అవసరమైతే దేశ రక్షణకు ముందుకు రావాలి. గర్వం మాత్రం ఆ బాకీల్లో లేదని నా వాదన. గర్వం దేశం సంపాదించుకోవాల్సినది, పౌరుడి దగ్గర వసూలు చేసుకోవాల్సినది కాదు.

చట్టం ఏం అడుగుతోందో ముందు చూద్దాం. ప్రాథమిక విధులను రాజ్యాంగంలో చేర్చింది 1976లో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, 42వ సవరణతో. ప్రభుత్వం పౌరుల నుంచి అన్నీ అడిగిన రోజులవి. అప్పుడు కూడా 51ఎ అధికరణంలో రాసింది రాజ్యాంగాన్ని పాటించమని, దాని ఆదర్శాలను, జాతీయ పతాకాన్ని, జాతీయ గీతాన్ని గౌరవించమని. గర్వపడమని రాయలేదు. 1971 నాటి జాతీయ గౌరవ అవమానాల నిరోధక చట్టం కూడా జెండాను తగలబెట్టడం, గీతాన్ని కావాలని అడ్డుకోవడం వంటి చేతలనే శిక్షిస్తుంది. గౌరవం నడవడికలో కనిపిస్తుంది, సాక్ష్యంతో తేలుతుంది. గర్వం మనసులో ఉంటుంది, దానికి సాక్షి ఉండడు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మత విశ్వాసం కారణంగా జాతీయ గీతం పాడలేదని 1985లో బడి నుంచి పంపేశారు. ఆ పిల్లలు గీతం వచ్చినప్పుడు రోజూ లేచి మర్యాదగా నిలబడేవారు, పాడేవారు కాదు, అంతే. 1986 ఆగస్టులో వారిని తిరిగి చేర్చుకోమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. గీతం పాడి తీరాలని చెప్పే చట్టం ఏదీ లేదని, సహనం మన సంప్రదాయంలోనే ఉందని, దాన్ని పలచన చేసుకోవద్దని ఆయన రాశారు. మన న్యాయ చరిత్రలో తెలుగువారు తలచుకోవాల్సిన తీర్పుల్లో దీన్ని మొదటి వరుసలో పెడతాను. అమెరికా సుప్రీంకోర్టు కూడా బడిపిల్లల చేత జెండాకు బలవంతంగా వందనం చేయించకూడదని 1943లో, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, తేల్చిచెప్పింది. యుద్ధకాలంలోనూ ఆ దేశానికి పిల్లల గుండెల మీద తనిఖీ అవసరం పడలేదు.

మరి రోజూ బడిలో ప్రతిజ్ఞ చేయిస్తున్నాం కదా, అందులో గర్వం మాట ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. ఆ ప్రతిజ్ఞ రాసింది కూడా మనవాడే. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ దాన్ని రాశారు. తర్వాత అది దేశంలోని ఎన్నో భాషల్లోకి వెళ్లింది. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే ఉండేది కాదు. ఆ ప్రతిజ్ఞను నిదానంగా చదివితే అందులో గర్వం దేనిమీదో తెలుస్తుంది. ప్రభుత్వం మీద కాదు, సైన్యబలం మీద కాదు, వైవిధ్యంతో నిండిన వారసత్వం మీద. అక్కడితో ఆగకుండా, ఆ వారసత్వానికి తగినవాడిని కావడానికి పాటుపడతానని పిల్లవాడి చేత మాట ఇప్పిస్తుంది. అంటే గర్వపడే హక్కు పుట్టుకతో రాదు, పాటుపడి తెచ్చుకోవాలి అన్నది సుబ్బారావుగారి ఆలోచన అనుకుంటాను. మనం మొదటి సగాన్ని కంఠస్థం చేయించి, రెండో సగాన్ని పిల్లలకు వివరించకుండా వదిలేశాం.

మనసులోని భావాన్ని చట్టంతో కొలవబోతే ఏమవుతుందో ఈ దేశానికి నూరేళ్ల కిందటే తెలుసు. రాజద్రోహం సెక్షన్ 124ఎ ప్రభుత్వం మీద ప్రీతి లేకపోవడాన్నే నేరంగా చూసేది. 1922 మార్చి 18న అహ్మదాబాద్ కోర్టులో గాంధీ నేరం ఒప్పుకుంటూనే, ప్రేమను చట్టంతో పుట్టించడం సాధ్యం కాదని న్యాయమూర్తి ముఖం మీదే చెప్పి, ఆరేళ్ల శిక్ష తీసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ సెక్షన్ అలాగే ఉండిపోయింది. 2022 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 152వ సెక్షన్ దాని చోటులోకి వచ్చింది. భావాన్ని తనిఖీ చేసే పని చట్టం మొదలుపెడితే దాన్ని వీధిలో గుంపు అందుకుంటుంది, ఒక్కోసారి ఉత్తర్వు కోసం కూడా ఆగదు. 2016లో కోర్టు ఉత్తర్వు ఇంకా రాకముందే గోవాలో ఒక సినిమా హాల్లో గీతానికి లేవలేదని ఒక మనిషిని వెనక సీటువాళ్లు కొట్టారు. ఆయన చక్రాల కుర్చీ వాడే మనిషి. కొట్టినవాళ్లు తమను తాము దేశభక్తులుగానే అనుకుని ఉంటారు. లేచి నిలబడటం ప్రేమకు కొలమానం అని ఒకసారి తీర్మానించుకున్నాక, ఎదుటివాడు లేవగలడో లేదో చూసే ఓపిక కూడా మిగలదు. దివ్యాంగులకు మినహాయింపు ఇస్తున్నట్టు కోర్టు ఆ ఏడాది డిసెంబర్‌లో విడిగా చెప్పాల్సి వచ్చింది.

తలుపుల విషయంలోనూ కోర్టు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. దానికి కారణం ఢిల్లీ నగరం మరచిపోలేని ఒక మధ్యాహ్నం. 1997 జూన్ 13న గ్రీన్ పార్క్‌లోని ఉపహార్ సినిమా హాల్లో 'బోర్డర్' ఆడుతోంది, 1971 యుద్ధం మీద తీసిన సినిమా. కింద పార్కింగ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలైన మంటల పొగ పైకెక్కి బాల్కనీని కమ్మేసింది. నడవాల్సిన దారిలో అదనపు సీట్లు వేసి ఉన్నాయి. తలుపులు తెరుచుకోక, దారి దొరకక 59 మంది ఊపిరాడక చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. దేశం కోసం ప్రాణాలిచ్చిన సైనికుల కథ చూసి కళ్లు చెమర్చడానికి వచ్చిన కుటుంబాలవి. వారికి ఆ రోజు కావలసింది తెరిచి ఉన్న తలుపు, ఖాళీగా ఉన్న దారి, లైసెన్సు ఇచ్చే ముందు ఒక్కసారి హాలు తిరిగి చూసిన అధికారి. ఆ మూడూ దొరకలేదు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఉపహార్ బాధితుల సంఘం పెట్టి రెండు దశాబ్దాలకు పైగా కోర్టుల చుట్టూ తిరిగారు. రికార్డులు తారుమారు చేసిన కేసులో యజమానులకు 2021లో ఏడేళ్ల శిక్ష పడితే, మరుసటి ఏడాదే అప్పటిదాకా జైల్లో గడిపిన కాలం చాలునని తగ్గించారు. ఈ తల్లిదండ్రులను మీరు ఈ దేశాన్ని చూసి గర్వపడుతున్నారా అని అడిగే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు. అయినా హాల్లో తలుపుకు బయటి గడియ ఉండకూడదన్న జాగ్రత్త మనలో ఈమాత్రమైనా మిగిలిందంటే అందులో వారి పోరాటం పాలు ఎంతో ఉంది. గర్వం మాట ఎత్తకుండా, కోపంతో, దుఃఖంతో, ఫైళ్లు మోసుకుంటూ చేసిన ఆ పని దేశసేవ కాకపోతే ఇంకేది దేశసేవ అవుతుందో నాకు తెలియదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఇన్ని భాషలు, ఇన్ని మతాలు, ఇన్ని కులాలు ఉన్న దేశాన్ని ఉమ్మడి గర్వం కాక మరేది కలిపి ఉంచుతుంది? ఆ ముడి వదిలేస్తే ఎవరి దారి వారిది కాదా? ఈ భయం ఉత్తిది కాదు. దేశ విభజన చూసిన తరం ఢిల్లీలో కూర్చుని అదే భయంతో భాషా రాష్ట్రాలను వద్దంది. 1948లో ధర్ కమిషన్ వద్దంది, 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి సభ్యులుగా ఉన్న కమిటీ వాయిదా వేయమంది. ముందు భారతీయులమని గర్వపడండి, భాష సంగతి తర్వాత చూద్దాం అన్న ధోరణి అది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15న ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. తెలుగువాడు అడిగింది ఇచ్చినందుకు దేశం బలహీనపడిందా? పడలేదు. ఢిల్లీ మన మాట వింటుందన్న నమ్మకం కుదిరాక తెలుగువాడికి ఢిల్లీ మరింత దగ్గరైంది. పక్కనే పాకిస్తాన్ ఎదురుదారి పట్టింది. ఒకే దేశం, ఒకే భాష అన్న గర్వాన్ని తూర్పు బెంగాల్ నెత్తిన రుద్దింది. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి, 1971లో దేశమే రెండైంది. కలిపి ఉంచే శక్తి న్యాయానికి ఉంది, ఆలకించే చెవికి ఉంది. గర్వం ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

ఇంకొందరు కృతజ్ఞత మాట ఎత్తుతారు. దేశం తిండి పెట్టింది, చదువు చెప్పింది, గర్వపడకపోవడం విశ్వాసఘాతుకం అంటారు. దేశం అందరికీ ఒకేలా తిండి పెట్టలేదు, చదువు చెప్పలేదు. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీని కలిసినప్పుడు అంబేడ్కర్ తనకు స్వదేశమన్నదే లేదని చెప్పేశారు. కుక్కలకూ పిల్లులకూ దక్కే మర్యాద కూడా తమవారికి దక్కని నేలను ఎలా నాదనుకోను అన్నది ఆయన బాధ. ఆ మాట విన్నవాళ్లు ఆయనను ద్రోహి అని వెలివేసి ఉంటే ఏమయ్యేది? పదహారేళ్లకు అదే మనిషి రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడయ్యారు. తన దేశంలోని అన్యాయానికి సిగ్గుపడేవాడు ఆ దేశానికి పరాయివాడు కాడు. పరాయి ఇంటి తప్పుకు ఎవరూ సిగ్గుపడరు.

గర్వపడేవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పుడు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, అయినా ఊళ్లకు ఊళ్లు టీవీల ముందు లేచి నిలబడ్డాయి. ఎన్నో ఏళ్ల కష్టం చూసి పుట్టిన గర్వం అది, అలాంటిది ఎంత ఉంటే అంత మంచిది. గర్వాన్ని నేర్పాలని చూసిన ప్రభుత్వాలూ ఉన్నాయి. ఢిల్లీ ప్రభుత్వం 2021లో నగరమంతా 500 ఎత్తయిన జెండాలు పెడతామంది, అదే ఏడాది సెప్టెంబర్ 28న భగత్‌సింగ్ జయంతికి బడుల్లో దేశభక్తి పాఠాలు మొదలుపెట్టింది. వాటికి పరీక్షలు, మార్కులు పెట్టకపోవడం మంచి నిర్ణయం. అయితే అక్కడైనా, మన జిల్లాల్లోనైనా అలాంటి పాఠం చెప్పేవారు 51ఎ అధికరణాన్ని మొదటి వాక్యంతో ఆపకుండా చివరిదాకా చదివించాలి. జెండాను గౌరవించమన్న ఆ అధికరణమే నదులను కాపాడమంది, స్త్రీల గౌరవాన్ని కించపరిచే ఆచారాలను వదులుకోమంది, శాస్త్రీయ దృక్పథం పెంచుకోమంది. వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా యమున ఢిల్లీలో 22 కిలోమీటర్లు పారుతుంది. నది మొత్తం పొడవులో అది రెండు శాతం కూడా ఉండదు, నదిలో చేరే కాలుష్యంలో నాలుగింట మూడు వంతులు మాత్రం అక్కడే కలుస్తుంది. దేశభక్తి తరగతిలోని పిల్లలను ఒకరోజు ఓఖ్లా దగ్గర తెల్లని నురగ తేలే ఆ గట్టుకు తీసుకెళ్లి, ఏ కాలువ మురుగు ఎక్కడ కలుస్తోందో, దాన్ని శుద్ధి చేయాల్సింది ఎవరో చూపించాలి. చూశాక ఒక పిల్లవాడు నాకు సిగ్గుగా ఉంది అంటే, ఆ మాటను నోట్‌బుక్కులో రాయనివ్వాలి. రాయనిచ్చినందుకు మాస్టారికి పై నుంచి నోటీసు రాకుండా విద్యాశాఖ చూసుకోవాలి.