గండి ఎవరి ఖాతాలో?

విజయవాడ భవానీపురం పున్నమి ఘాట్‌లో తర్పణాలు వదలడానికి దిగినవారి చేత పంతులుగారు ముందు సంకల్పం చెప్పిస్తారు. ఏ కల్పం, ఏ యుగం, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ రెండు నదుల నడుమ... ఇవన్నీ అయ్యాకే గోత్రనామాలు, ఆ తరువాతే కోరిక. సృష్టిలో మనిషి చోటెక్కడ అన్న ప్రశ్నకు ఇంత నిక్కచ్చి జవాబు పెద్ద పెద్ద వేదాంత చర్చల్లో కూడా నాకు కనబడలేదు. శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణా గోదావరుల మధ్య ఒకడు మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడు. అంతే వాడి స్థానం.

ఆ రెండు నదుల మధ్య ఎడాన్ని మనమే చెరిపేశాం, అది వేరే సంగతి. 2015లో మొదలుపెట్టి, పట్టిసీమ దగ్గర 24 పంపులతో గోదావరిని ఎత్తి పోలవరం కుడికాలువలో పోస్తున్నాం. ఆ నీరు బుడమేరు మళ్లింపు కాలువ పట్టుకుని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడుతుంది. ఆ చోటికి పవిత్ర సంగమం అని పేరు పెట్టాం, హారతులిచ్చాం. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు వచ్చినవారికి గోదావరి స్నానం కూడా దక్కింది. మోటార్లు కలిపిన సంగమానికి పవిత్రత ఎక్కడిదని వెక్కిరించినవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ వెక్కిరింత నచ్చలేదు. ఇంద్రకీలాద్రి అడ్డుపడితే అర్జునుడు బెజ్జం కొట్టి కృష్ణకు దారిచ్చాడని కథ చెప్పుకునే ఊరు మనది. 1855 నాటికి ఆనకట్ట కట్టారు, 1957కు దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ లేచింది. ఒండ్రు మేట వేసింది నదే అయినా, అందులో ఏటా వరి పండించేది కాలువలు. ఈ డెల్టాలో సృష్టికర్త ఒక్కడే పనిచేశాడని ఏ రైతూ అనడు.

అయితే 2024 ఆగస్టు నెలాఖరున ఏమైంది? మైలవరం కొండల్లో కురిసిన వాన బుడమేరు వాగులోకి దిగింది. వెలగలేరు దగ్గర దాన్ని మళ్లింపు కాలువలోకి తిప్పి కృష్ణలోకి పంపాలి. అదే సమయంలో కృష్ణలోనూ వరద పెరుగుతూ బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, అంతకుముందెన్నడూ నమోదుకానంత. నిండిన నది కాలువ నీళ్లను తీసుకోదు, వెనక్కి నెడుతుంది. కట్ట మూడు చోట్ల తెగింది. సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది, ఇటు భవానీపురం వైపు కాలనీల్లోకీ వరద వచ్చింది. బుడమేరు నడిచే దారిలో ఇళ్లు కట్టుకోనిచ్చిందెవరో, కట్టలను పట్టించుకోనిదెవరో ఊరందరికీ తెలుసు. అయినా ఇంద్రకీలాద్రి అమ్మవారికి కోపం వచ్చిందన్న మాటే ఎక్కువగా వినబడింది.

సంగమాన్ని కలిపిన కాలువా, గండి పడిన కాలువా ఒకటే. మొదటిదానికి శిలాఫలకాల మీద మన పేర్లు వేసుకున్నాం. రెండోదాన్ని దేవుడి ఖాతాలో రాసేశాం.

నాస్తికవాది గోరా ఇదే గుట్టు విప్పారు. 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రాన్ని 1947లో విజయవాడలోని పటమటకు తెచ్చారాయన. దేవుడు ఉన్నాడా లేడా అన్న తర్కం కన్నా, దేవుడి మీదికి నెట్టి మనిషి బాధ్యత తప్పించుకోవడం మీదే ఆయన పోరు. గాంధీజీ ఆయనను దగ్గరకు రానిచ్చి మాట్లాడింది అందుకేననిపిస్తుంది. గోరా పోయిన రెండేళ్లకు, 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. వేలమంది పోయారు. నాస్తిక కేంద్రం వాళ్లు వెళ్లారు, రామకృష్ణ మిషన్ వెళ్లింది, క్రైస్తవ సంస్థలూ వెళ్లాయి. ఆ ఉప్పెన ఎవరి పనన్న వాదం అక్కడ ఎవరికీ అన్నం పెట్టలేదు.

మా పత్రికలో ఏటా భవానీ దీక్ష తీసుకునేవాళ్లున్నారు. ఈ సంపాదకీయం చిత్తుప్రతి చదివి వాళ్లు నొచ్చుకోలేదు. ఒకరైతే, అమ్మవారి పేరు మీద మనం చేసుకున్న అప్పులు అమ్మవారెందుకు తీర్చాలని అడిగారు. భక్తి ఉన్న మనిషి అడగాల్సిన ప్రశ్నే అది.

కృష్ణకు మళ్లీ పుష్కరాలు 2028లో. ఘాట్లకు మెట్లు, దీపాలు, రంగులు అంటూ అంచనాలు వేస్తారు. వేయాలి కూడా. ఆ కాగితాల్లో బుడమేరు కట్టలకు ఎంత రాశారో, మళ్లింపు కాలువ వెడల్పుకు ఎంత కేటాయించారో, వాగు దారిలోని ఆక్రమణల జాబితా ఎవరి బల్ల మీద ఉందో పున్నమి ఘాట్‌లో మెట్లకు శంకుస్థాపన జరిగే లోపే ఈ ఊరి జనానికి చూపించాలి.