అల్జీమర్స్ జాడ చెప్పే వెలుగు: ఎలుకల్లో ఫలించినా మనుషులకు ఇంకా దూరమే

న్యూఢిల్లీ: మతిమరుపు బయటపడేనాటికే మెదడుకు తీరని నష్టం జరిగిపోయి ఉండటం అల్జీమర్స్ చికిత్సలో ప్రధాన సమస్య. ఈ వ్యాధికి గుర్తుగా భావించే అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ ముద్దలు లక్షణాలు కనిపించడానికి దాదాపు 15 నుంచి 20 ఏళ్ల ముందే మెదడులో పేరుకోవడం మొదలవుతాయి. వాటిని ముందుగానే, తక్కువ ఖర్చుతో గుర్తించే మార్గంగా ఫ్లోరోసెంట్ ప్రోబ్‌లపై శాస్త్రవేత్తలు ఆశలు పెట్టుకున్నారు.

ఒక రంగు కాంతిని గ్రహించి మరో రంగు కాంతిని వెలువరించే అణువులే ఈ ప్రోబ్‌లు. వీటిలో చాలావరకు విడిగా ఉన్నప్పుడు మసకగానే ఉంటాయి. అణువులోని భాగాలు స్వేచ్ఛగా తిరగడం వల్ల గ్రహించిన శక్తి వృథా అవుతుంది. అమిలాయిడ్ పోగుల మధ్య ఇరుక్కున్నప్పుడు ఆ కదలిక ఆగి, శక్తి వెలుగుగా బయటకు వస్తుంది. 1959 నుంచి వాడుకలో ఉన్న థయోఫ్లావిన్-టి అనే రంగు పదార్థం ఈ సూత్రంపైనే పనిచేస్తుంది. అయితే విద్యుదావేశం కారణంగా అది రక్తానికి, మెదడుకు మధ్య ఉన్న రక్షణ పొరను సులువుగా దాటలేదు. దాన్ని మార్చి రూపొందించిన పిట్స్‌బర్గ్ కాంపౌండ్-బి, సజీవ రోగుల మెదడులో అమిలాయిడ్‌ను పెట్ స్కాన్‌లో చూపగలిగింది. ఆ ఫలితాలు 2004లో వెలువడ్డాయి.

పెట్ స్కాన్ ఖరీదైనది. అందులో వాడే ఫ్లోరిన్-18 రేడియోధార్మికత సుమారు 110 నిమిషాల్లో సగానికి తగ్గుతుంది. అందువల్ల దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ కేంద్రాలు దగ్గరలో ఉండాల్సిందే. కాంతితో పనిచేసే ప్రోబ్‌లకు రేడియోధార్మికత అవసరం లేదు. శరీర కణజాలంలోకి కొంత లోతు వరకు చొచ్చుకుపోయే సమీప పరారుణ కాంతిని ఇందుకు ఎంచుకుంటున్నారు. పసుపులోని కర్కుమిన్ ఆధారంగా రూపొందించిన క్రానాడ్-2 అనే ప్రోబ్ 2009లో ఎలుకల మెదడులోని అమిలాయిడ్‌ను చూపింది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్రీయ పరిశోధన కేంద్రంలో ప్రొఫెసర్ టి.గోవిందరాజు బృందం కూడా ఈ దిశగా కృషి చేస్తోంది.

అసలు చిక్కు మనిషి తల వద్ద ఎదురవుతోంది. ఎలుక పుర్రె పలుచన కాబట్టి కాంతి లోపలికి వెళ్లి వస్తుంది. మనిషి పుర్రె ఎముక మందం కొన్ని మిల్లీమీటర్లు. దాన్నీ, దాని వెనుకనున్న కణజాలాన్నీ దాటేలోగా కాంతి చెదిరిపోతుంది. అందుకే కంటి రెటీనాలో అమిలాయిడ్‌ను వెదికే ప్రయత్నాలు సాగుతున్నా, ఆ ఆధారాలపై ఏకాభిప్రాయం లేదు. పైగా అమిలాయిడ్ ఉన్న వృద్ధులందరికీ మతిమరుపు రాదు. ముద్ద కనిపించినంత మాత్రాన వ్యాధి నిర్ధారణ అయినట్లు కాదు.

భారత్‌లో 60 ఏళ్లు దాటిన వారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో బాధపడుతున్నట్లు 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. డిమెన్షియాకు అతి సాధారణ కారణం అల్జీమర్సే. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్, డొనానెమాబ్ వంటి మందులను తొలిదశ రోగుల కోసమే ఆమోదించారు. ఆలస్యంగా తెలిస్తే అవి అక్కరకు రావు. ఈలోగా రక్తపరీక్షలు ముందంజ వేశాయి. అల్జీమర్స్ నిర్ధారణకు తోడ్పడే తొలి రక్తపరీక్షకు 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

కాబట్టి సమీప భవిష్యత్తులో ఫ్లోరోసెంట్ ప్రోబ్‌ల ప్రధాన వేదిక ప్రయోగశాలే. కొత్త మందు అమిలాయిడ్‌ను కరిగిస్తోందో లేదో ఎలుకల్లో వేగంగా, చౌకగా తేల్చడానికి అవి ఉపకరిస్తాయి. రోగికి నేరుగా మేలు జరగాలంటే మాత్రం మతిమరుపును వయసు మీద పడటంగా కొట్టిపారేయకుండా, సకాలంలో వైద్యుడి వద్దకు తీసుకెళ్లే అవగాహన, జిల్లా స్థాయిలో పరీక్షించే సదుపాయం అంతకంటే ముందు రావాలి.