పొట్లంలో ఏ మందు?

"పాపకు ఏం మందు వాడారు?"

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ నన్నడిగిన మొదటి మాట ఇది. నా చేతిలో ఉన్నవి పేపరు ముక్కలో చుట్టిన మూడు తెల్ల బిళ్ళలు, లేబులు ఊడదీసిన పాత సీసాలో అడుగున మిగిలిన రెండు చెంచాల గులాబి రంగు మందు. అవే చూపించాను. ఆమె సీసా మూత తీసి వాసన చూసింది, వెలుతురుకేసి ఎత్తి పట్టుకుంది. "దీన్ని చూసి నేనేం చెప్పగలనమ్మా?" అంది. ఆమె విసుగులో నాకు తప్పు కనిపించలేదు. ఒడిలో పాప కళ్ళు తెరవలేకపోతోంది. పెదవుల మీద బొబ్బలు చితికి రక్తం కారుతోంది.

నేను చదువు రాని దాన్ని కాదు. ఇంటరు దాకా చదివాను, మా పొదుపు సంఘం లెక్కలు నేనే రాస్తాను. అయినా తొమ్మిది రోజులు పొద్దునా రాత్రీ నా చేత్తో నా బిడ్డ నోట్లో పోసిన మందు పేరు నాకు తెలియదు. తెలుసుకోవాలని అడగనైనా అడగలేదు. ఎందుకు అడగలేదు అన్నది అప్పటినుంచీ నన్ను తొలుస్తూనే ఉంది.

మాది నెల్లూరు తీరంలో ఒక పాలెం. ఎండాకాలం తూర్పు తీరమంతా 61 రోజులు వేట నిషేధం కదా, జూన్ 14 దాటగానే మగవాళ్ళందరూ పడవలెక్కేస్తారు. ఆ వారంలోనే మా మూడేళ్ళ పాపకు దగ్గు, జొరం. రాత్రి తొమ్మిదింటికి బిడ్డ ఎగశ్వాస పెడుతుంటే ఏ ఆసుపత్రి తలుపు తీసి ఉంటుంది? పక్క ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇంటి తలుపే తీసి ఉంటుంది. అతను సూది వేశాడు, బిళ్ళలు పొట్లం కట్టాడు, పెద్ద సీసాలోంచి మందు చిన్న సీసాలోకి వంచి ఇచ్చాడు. డబ్బులు తీసుకున్నాడు. చీటీ లేదు. నాలుగు రోజులకు జొరం తగ్గింది. దగ్గు పూర్తిగా పోలేదని మళ్ళీ వెళితే అదే మందు ఇంకో వారం పొయ్యమన్నాడు.

ఏడో రోజు మళ్ళీ జొరం, ఒళ్ళంతా ఎర్రటి మచ్చలు. మా అత్తమ్మ చూసి "అమ్మవారు పోసిందే" అని వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టింది. పొరుగింటి పెద్దమ్మ వచ్చి "ఏందమ్మే, రొయ్యలు పెట్టినావా బిడ్డకి?" అంది. ఇంకొకరు దిష్టి అన్నారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, తలా ఒక చెయ్యి వేసినవాళ్ళే. కానీ ఆలోచించండి, ఇన్ని కారణాల్లో ప్రతి ఒక్కటీ నా మీదికే వచ్చింది. నేను పెట్టిన తిండి, నేను తప్పిన మడి, నేను బయటికెత్తుకెళ్ళిన వేళ. సీసాలో మందు మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. జొరం తగ్గాలని ఇంకా జాగ్రత్తగా, చెంచా కొలిచి, మరో రెండు రోజులు పోశాను.

మచ్చలు కనిపించిన తర్వాత పోసిన ఆ చెంచాలే ఎక్కువ చేటు చేసి ఉంటాయని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఆ జబ్బును స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అంటారట. 1922లో ఇద్దరు అమెరికా వైద్యులు ఇద్దరు పిల్లల్లో చూసి రాశారు, వాళ్ళ పేర్లే దానికి మిగిలాయి. చాలా అరుదు. పది లక్షల మందిలో ఏడాదికి కొద్దిమందికే వస్తుంది. సల్ఫా మందులు, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఎక్కువగా కారణమవుతాయి. పిల్లల్లో కొన్నిసార్లు మందులతో పనిలేకుండా ఇన్ఫెక్షన్ వల్ల కూడా రావచ్చు. మందు మొదలుపెట్టిన గంటకో పూటకో కాదు, వారం పది రోజులకూ, ఇంకా ఆలస్యంగానూ బయటపడుతుంది. అందుకే తల్లికి తోచదు. జొరంతో పాటు మచ్చలు, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడడం, చర్మం ఊడి రావడం, వీటిలో ఏది కనిపించినా కొత్తగా మొదలుపెట్టిన మందు ఆపి, ఆ మందును వెంట పట్టుకుని వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవాలి. వైద్యంలో మొదటి మెట్టు ఆ మందు ఆపడమే. పేరే తెలియని మందును ఆపడమెట్లా? సూది, బిళ్ళలు, సీసా మందు, మూడింట్లో ఏది?

రెండో రకం పడకపోవడం ఉంది. సూది వేసిన నిమిషాల్లోనే దద్దుర్లు, మొహం వాయడం, గొంతు పట్టేయడం, ఊపిరాడకపోవడం. పెన్సిలిన్ జాతి మందులతో ఇది వినే ఉంటారు. అప్పుడు కావలసింది తొడ కండరంలో ఎడ్రినలిన్ సూది, ఆలస్యం లేకుండా. సూది మందు వేసే ప్రతి చోటా ఎడ్రినలిన్ ఉండాలి. మీ ఊళ్ళో సూదులు వేసే మనిషి పెట్టెలో అది ఉందో లేదో ఒకసారి అడిగి చూడండి. నేను తర్వాత అడిగాను. లేదు.

మా పాప బతికింది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. నా మెడలో గొలుసు కుదువకు పోయింది, ఆయన వేట పోయింది. పాప కళ్ళలో తడి సరిగ్గా ఊరదు. రోజుకు నాలుగుసార్లు చుక్కలు వెయ్యాలి, ఎండకు కళ్ళు చికిలిస్తుంది. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల ఎండలోకి రావడానికి భయపడుతుంది.

ఇంతకంటే నన్ను భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఏ మందు పడలేదో తెలియకపోతే అన్ని మందులూ పడనివే అయిపోతాయి. మా వీధిలో ఆ తర్వాత ఇద్దరు తల్లులు పిల్లలకు టీకాలు మానేశారు. "ఆ పాపకేమైందో చూశాం కదా" అన్నారు. టీకాకూ మా పాపకు జరిగినదానికీ సంబంధమే లేదని ఇల్లిల్లూ తిరిగి చెప్పాల్సి వచ్చింది. పేరు తెలియని భయం అన్ని తలుపులూ మూయిస్తుంది. పెన్సిలిన్ పడదని చీటీ రాయించుకున్న వాళ్ళను సరిగ్గా పరీక్షించి చూస్తే పదిమందిలో తొమ్మిదిమందికి అది పడుతుందని వైద్యులు చెబుతారు. అంటే అనుమానంతోనే మంచి మందుకు దూరమైనవాళ్ళు ఎందరో. పేరు తెలిసి ఉండడం పడని మందు నుంచి కాపాడడానికే కాదు, పడే మందు దక్కడానికి కూడా.

మా ఊరికి రెండు మైళ్ళలో రొయ్యల గుంటలు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందులు గుంటల్లో వాడకూడదని నిషేధం ఉంది. ఎగుమతి అయ్యే రొయ్యలో మందు జాడ ఉందా అని పరీక్షలు చేస్తారు. 2016లో యూరోపియన్ యూనియన్ మన దేశపు గుంట రొయ్యల సరుకులో పరీక్షించే వంతును నూటికి 10 నుంచి 50కి పెంచింది కూడా. రొయ్య ఏం మందు తిన్నదో లెక్క అడిగేవాళ్ళున్నారు. ఆ గుంటల్లో కూలికి పోయే ఆడదాని బిడ్డ ఏం మందు తాగిందో అడిగేవాళ్ళు లేరు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. అచ్చులో ఉన్న పాఠం చదివి సారా అంగడి మూయించిన జిల్లా ఇది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యత పాఠం చదువుకుని లేచారు, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్షరం మనకు ఆయుధమని అప్పటినుంచీ సభల్లో చెప్పుకుంటున్నాం. ఆ అక్షరం మందు అట్ట మీద ఏదీ? ఇంగ్లీషులో ఉంటుంది, కొన్నింటి మీద హిందీ. తెలుగు నేర్చుకున్న తల్లి మందు దగ్గర మళ్ళీ నిరక్షరాస్యురాలే. 2023 ఆగస్టు నుంచి 300 రకాల మందుల మీద క్యూఆర్ కోడు ముద్రించాలని నియమం వచ్చింది. మంచిదే. కానీ అట్ట కత్తిరించి, బిళ్ళలు ఒలిచి, పేపరులో చుట్టి ఇస్తే ఏ కోడును ఫోనులో చూస్తాం? పన్నెండేళ్ళలోపు పిల్లలకు నిమెసులైడ్ ఇవ్వకూడదని 2011లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. పొట్లంలో ఉన్న బిళ్ళ అదో కాదో ఏ తల్లి చెప్పగలదు? అక్షరం రాకపోయినా పోల్చుకునే గుర్తు ఒకటే ఉంది. యాంటిబయాటిక్ అట్ట మీద నిలువుగా ఎర్ర గీత. డాక్టరు చీటీ లేనిదే వాడొద్దని దాని అర్థం. దాని గురించి 2016లో కేంద్రం ప్రచారం కూడా చేసింది. ఆ గీత ఉన్న అట్టనే మన చేతికి ఇవ్వరు కదా.

ఆర్.ఎం.పి.లను ఊళ్ళలోంచి తరిమెయ్యాలని నేను అనడం లేదు. పట్నంలో కూర్చుని అలా రాసేవాళ్ళ మీద నాకు కోపమే వస్తుంది. అర్ధరాత్రి మాకు పలికే మనిషి అతనొక్కడే. అర్హత లేని వైద్యం అదే నిర్లక్ష్యం కిందికి వస్తుందని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో హోమియో చదివిన వైద్యుడు అల్లోపతి మందులిచ్చాడు, ఆమె భర్త చనిపోయాడు. అంతకు ముందే 1995లో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని అదే కోర్టు తీర్పిచ్చింది. తీర్పులు మన వైపే ఉన్నాయి. కానీ చీటీ లేదు, రసీదు లేదు, మందు పేరు లేదు. వకీలు దగ్గరికి వెళితే నేను పట్టుకెళ్ళేది ఆ పేపరు ముక్కే.

కాబట్టి కోర్టు కంటే ముందు పేరు కావాలనుకున్నాను. ఫోను చేస్తే "ఒట్టి బలం మందమ్మా" అన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు మా సంఘం ఆడవాళ్ళు ఆరుగురం వెళ్ళి అతని అరుగు మీద కూర్చున్నాం. అరవలేదు. "కేసు పెట్టడానికి రాలేదన్నా, పేరు రాసియ్యి చాలు, ఇంకోసారి ఎవరూ ఆ మందు పొయ్యకుండా" అన్నాను. అతని భార్య మాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, లోపలికి వెళ్ళి అతనితో ఏదో గట్టిగా అన్నది వినిపించింది. గంటన్నర తర్వాత బయటికి వచ్చి పెద్ద సీసా మా ముందు పెట్టాడు. చేతులు వణుకుతున్నాయి. కోట్రైమాక్సజోల్. సల్ఫా మందు. డాక్టరమ్మ అనుమానించింది అదే.

అది చెడ్డ మందు కూడా కాదు. 1990లలో పిల్లల న్యుమోనియాకు ప్రభుత్వ కార్యక్రమం కింద ఊళ్ళలో ఇచ్చిన మందే, ఎందరో బిడ్డల్ని నిలబెట్టింది. నా బిడ్డకు పడలేదు. ఇది ముందే తెలిసే దారి లేదు. తెలిసిన తర్వాత కూడా తల్లికి దక్కకుండా చెయ్యడమే నేరం.

మన సంఘాల్లో పనిచేసేవాళ్ళు ఇది అందుకోవాలి. ఎవరు మందిచ్చినా, ఆర్.ఎం.పి. అయినా పెద్ద డాక్టరైనా, మందు అసలు పేరు, తేదీ కాగితం మీద రాసివ్వాలని అడుగుదాం. అసలు పేరని ఎందుకంటున్నానంటే, ఒకే మందును పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతాయి. ఆసుపత్రి రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెబుతోంది. రోగుల హక్కుల పత్రాన్ని 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసింది, అందులోనూ సమాచారం మొదటి హక్కు. మాకు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మందు వల్ల వచ్చిందని ఉంది, ఏ మందో రాయలేదు. పేరు దొరికాక పట్టుకెళ్ళి మళ్ళీ రాయించుకున్నాను.

మందు చేసిన చెడును ప్రభుత్వానికి తెలియజెయ్యడానికి 2010 నుంచి ఒక కార్యక్రమం కూడా ఉంది, ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా. 1800-180-3024కి డబ్బు ఖర్చు లేకుండా ఫోను చెయ్యవచ్చు. డాక్టరే చెయ్యాలని లేదు, తల్లి కూడా చెప్పవచ్చు. నేను చెప్పాను. అవతలి మనిషి మొదట అడిగింది మందు పేరే.

తల్లీ బిడ్డల కార్డులో టీకాలకు గడులున్నాయి, బరువుకు గీతలున్నాయి. ఈ బిడ్డకు పడని మందు అని ఒక గడి కోసం మా పాప కార్డు అటూ ఇటూ తిప్పాను, కనిపించలేదు. వెనక ఖాళీలో ఎర్ర సిరాతో నేనే రాశాను, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. అంగన్‌వాడీ టీచరుకు ఒక కాపీ, మా అమ్మగారింట్లో ఒక కాపీ, ఆయన పడవ సంచిలో ఒకటి.

మొన్న వానలకు పాపకు మళ్ళీ జొరం వచ్చింది. రాత్రిపూట మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళాను, ఇంకెక్కడికి పోను? నేను కార్డు తియ్యకముందే "సల్ఫా లేదులేమ్మా ఇందులో" అన్నాడు. పేరు రాసిమ్మన్నాను. పాత క్యాలెండరు కాగితం చింపి, వెనక పారాసెటమాల్ అని రాసి తేదీ వేశాడు. సంతకం మాత్రం పెట్టలేదు.