భవనానికి గడువు పెట్టొచ్చు, జట్టుకు పెట్టలేం

మన ఊళ్లలో హాకీ అంటే ధ్యాన్‌చంద్ పేరు గుర్తొస్తుంది. మేముండే కెనడాలోని కాల్గరీలో హాకీ అంటే మంచు. చలికాలం వచ్చిందంటే సైటులో, రైల్లో, కాఫీ దుకాణంలో అదే మాట. పొద్దున్నే మేం కాఫీ తాగే టిమ్ హార్టన్స్ కూడా ఒక హాకీ ఆటగాడి పేరు మీద వెలసిందే. వచ్చిన కొత్తలో ‘రాత్రి మ్యాచ్ చూశారా’ అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాళ్లం. ఇప్పుడు మేమే అడుగుతున్నాం.

మేమంటే ఒకే ఇంటి కింది వాటాలో అద్దెకుండే నలుగురం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, గల్ఫ్‌లో కొన్నేళ్లు సైట్లు చూసి, ఇక్కడికొచ్చి పడిన సూపర్‌వైజర్లం. ఈ ఆట లోతులు మాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ ఊళ్లో వీధికి పదిమంది ఉన్నారు. అయినా మా ఊరి జట్టు కాల్గరీ ఫ్లేమ్స్ గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. ఎందుకంటే ఈ జట్టు విషయంలో అందరి నోటా వినిపించే మాట ‘రీబిల్డ్’. కూల్చి మళ్లీ కట్టడం. అది మేం రోజూ చేసే పనే కదా!

ఆట లెక్క ఇదీ

గల్ఫ్‌లో ఉన్న మిత్రుల కోసం ముందు కొంచెం వివరం. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లున్నాయి. మ్యాచ్‌కు ఒక్కో జట్టు తరఫున 20 మంది సిద్ధమవుతారు. వీళ్లలో ఇద్దరు గోలీలు. మిగతావాళ్లలో మామూలుగా 12 మంది ఫార్వర్డ్‌లు, ఆరుగురు డిఫెన్స్. ఏటా డ్రాఫ్ట్ అని జరుగుతుంది. పద్దెనిమిదేళ్లు నిండుతున్న కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంపిక చేసుకుంటాయి. బాగా ఓడిన జట్లకు ముందు వంతు వస్తుంది, కొంత లాటరీ కూడా ఉంటుంది. ఆటగాణ్ని ఇంకో జట్టుకిచ్చి బదులుగా ఆటగాడినైనా, రాబోయే డ్రాఫ్ట్‌లో వంతునైనా తీసుకోవడమే ట్రేడ్. జీతాలకు మొత్తంమీద ఒక పరిమితి ఉంది. 2025-26 సీజన్‌కు అది 9.55 కోట్ల డాలర్లు. డబ్బున్న యజమాని అయినా అది దాటి ఇష్టమొచ్చినట్టు కొనలేడు. అందుకే ఎవర్ని ఉంచాలి, ఎవర్ని పంపాలి, ఎప్పుడు పంపాలి అన్నదే అసలు విద్య.

ఫ్లేమ్స్ అట్లాంటా నుంచి 1980లో కాల్గరీకి వచ్చింది. స్టాన్లీ కప్ గెలిచింది ఒక్కసారే, 1989లో. 2021-22 సీజన్‌లో మంచి జట్టే ఉండేది. జానీ గాడ్రో 115 పాయింట్లు, మాథ్యూ కాచక్ 104 పాయింట్లు చేశారు. ఆ వేసవిలోనే ఇద్దరూ పోయారు. గాడ్రో ఒప్పందం ముగిసి కొలంబస్ వెళ్లాడు. ట్రేడ్ కాదు కాబట్టి ఫ్లేమ్స్‌కు బదులుగా దక్కింది సున్నా. దీర్ఘకాలం ఉండనని చెప్పిన కాచక్‌ను ఫ్లోరిడాకు ఇచ్చి, బదులుగా జొనాథన్ హుబర్డోను, మెకెంజీ వీగర్‌ను, ఇంకో కుర్రాణ్ని, ఒక మొదటి రౌండ్ వంతును తెచ్చుకున్నారు.

గాడ్రోను మేం తప్పుపట్టం. ఒప్పందం ఉన్నన్నాళ్లూ ఆడాడు, ఇంటివాళ్లకు దగ్గరగా ఉండాలనుకున్నాడు. ఇల్లు వదిలి వచ్చిన మాకు ఆ మాట అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? 2024 ఆగస్టు 29న న్యూజెర్సీలో తమ్ముడితో కలిసి సైకిల్ మీద వెళ్తుంటే కారు గుద్ది అన్నదమ్ములిద్దరూ చనిపోయారు. ఆ వార్త విన్న రోజు మా సైటులో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ‘ఏమీ ఇవ్వకుండా పోయాడు’ అని అంతకుముందు విసుక్కున్నవాళ్లు కూడా స్టేడియం మెట్ల దగ్గర పూలు పెట్టి వచ్చారు. తప్పు అతనిది కాదు, లెక్క వేసుకోనివాళ్లది.

కూల్చాలా, మాసికలు వేయాలా?

పాత భవనం మీద మాకు ముందుగా అప్పజెప్పే పని ఒకటుంటుంది. దీన్ని బాగుచేయాలా, పునాది దాకా తీసేయాలా అని తేల్చడం. అది తేల్చకుండా పని మొదలెడితే డబ్బు రెండు దిక్కులా పోతుంది. 2022లో ఫ్లేమ్స్ చేసింది సరిగ్గా అదే. ఇద్దరు పెద్ద ఆటగాళ్లు పోయాక కూడా ఇల్లు నిలబడే ఉందని చూపించాలనుకున్నారు. హుబర్డోకు ఎనిమిదేళ్లకు 8.4 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అంతకుముందు ఏడాది 115 పాయింట్లు చేసినవాడు ఇక్కడ మొదటి సీజన్‌లో 55 దగ్గర ఆగిపోయాడు. నజీమ్ కాద్రీని ఏడేళ్లకు తీసుకున్నారు. అతని జీతానికి చోటు చేయడం కోసం షాన్ మోనహాన్‌ను మాంట్రియాల్‌కు పంపి, తీసుకెళ్లినందుకు ఎదురు ఒక మొదటి రౌండ్ వంతు కూడా ఇచ్చారు. కాద్రీ బాగానే ఆడాడు. 2024-25లో 35 గోల్స్ కొట్టాడు. కానీ ఆ ఇచ్చిన వంతు 2025లో 16వ స్థానమై మాంట్రియాల్ చేతిలో పడింది. అదే ఏడాది ఫ్లేమ్స్ 96 పాయింట్లు తెచ్చుకుని, సెయింట్ లూయిస్‌తో సమానంగా నిలిచి కూడా ప్లేఆఫ్స్ అందుకోలేకపోయింది. అటు ఆట లేదు, ఇటు వంతూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

2023లో జనరల్ మేనేజర్ అయిన క్రెయిగ్ కాన్రాయ్ పాత తప్పు మళ్లీ చేయలేదు. ఒప్పందం చివరి ఏడాదిలో ఉన్నవాళ్లను ఊరికే పోనివ్వలేదు. 2024 జనవరి నుంచి మార్చి లోపు లిండ్‌హోమ్‌ను వాంకూవర్‌కు, టానెవ్‌ను డల్లాస్‌కు, హానిఫిన్‌ను వేగస్‌కు ఇచ్చి కుర్రాళ్లను, వంతులను పోగేశాడు. లిండ్‌హోమ్ ట్రేడ్‌లో వచ్చిన వంతుతో మాత్వే గ్రిడిన్ వచ్చాడు. ఆ వేసవిలో గోలీ మార్క్‌స్ట్రామ్‌ను న్యూజెర్సీకి ఇస్తే డిఫెన్స్‌కు కెవిన్ బాల్ వచ్చాడు, 2025లో 18వ వంతుతో కోల్ రెష్నీ వచ్చాడు. ఇవన్నీ సరైన ట్రేడులే. కాచక్ ట్రేడ్‌లో వచ్చిన వంతు మాత్రం ఫ్లోరిడా కప్పు గెలవడం వల్ల చివరిదైన 32వది అయింది. దాంతో కల్లెన్ పాటర్‌ను తీసుకున్నారు.

మరి ఇంత సవ్యంగా సాగుతుంటే మా బాధేంటి? మా బాధ తేదీ గురించి.

పచ్చి స్లాబు కథ

ఫ్లేమ్స్ పాత ఇల్లు శాడిల్‌డోమ్. 1983లో తెరిచారు. గుర్రపు జీను ఆకారంలో కప్పు ఉంటుంది. 1988 ఒలింపిక్స్ హాకీ అక్కడే ఆడారు. ఆ పక్కనే స్కోషియా ప్లేస్ పేరుతో కొత్త స్టేడియానికి 2024 జూలైలో పని మొదలుపెట్టారు. 2027 శరత్కాలానికి తెరవాలని గడువు పెట్టుకున్నారు. మేం ఆ సైటులో లేం. కానీ అటుగా వెళ్లినప్పుడల్లా ఆగి చూస్తాం. గడువు పెట్టుకోవడం తప్పు కాదు, భవనానికి గడువు ఉండాలి కూడా. భయమల్లా ఆ గడువునే జట్టుకూ తగిలిస్తారేమోనని. కొత్త ఇంట్లో ఓడే జట్టా అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు పోగేసిన వంతులన్నీ ఇచ్చి ముప్పై దాటినవాళ్లను తెచ్చి నిలబెడతారు. 2022 మళ్లీ మొదటికొస్తుంది.

ఈ భయం మాకు ఊరికే రాలేదు. గల్ఫ్‌లో మేం పనిచేసిన ఒక సైటులో ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారైంది. స్లాబు ఇంకా పచ్చిగా ఉంది. కింద ప్రాపులు తీసేయండి, ఫ్లోరింగ్ వాళ్లు దిగాలి అని పైనుంచి మాట వచ్చింది. ఇంకొన్నాళ్లు ఆగాలని చెప్పాం. వినలేదు. మేమూ గట్టిగా నిలబడలేదు. వీసా వాళ్ల చేతిలో ఉంది, నెల జీతం ఇంటికి పోవాలి. తీయించాం. రెండు రోజులకు స్లాబు నడుమ కుంగి పగుళ్లిచ్చింది. భోజనాల వేళ కాబట్టి కింద ఎవరూ లేరు. లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ప్రారంభోత్సవం తేదీ వచ్చింది, పోయింది. ఆ రోజు మేం బ్రేకర్లు పట్టుకుని ఆ స్లాబునే పగలగొడుతున్నాం.

కాంక్రీట్‌కు మనం తేదీ చెప్పలేం. 28 రోజుల బలం 28 రోజులకే వస్తుంది. ఇక్కడి చలిలో టార్పాలిన్లు కప్పి, హీటర్లు పెట్టి కాపాడాల్సి వస్తుంది. కుర్రాళ్లూ అంతే.

ఫ్లేమ్స్‌కు దీని రుజువు బయట వెతుక్కోనక్కర్లేదు. గోలీ డస్టిన్ వుల్ఫ్‌ను 2019లో 214వ వంతుకు తీసుకున్నారు. మొత్తం 217 మందిలో! పొట్టివాడని ఎవరూ పట్టించుకోలేదు. వెంటనే పెద్ద లీగ్‌లోకి తోయకుండా కింది లీగ్‌లో ఆడనిచ్చారు. అక్కడ 2023లో ఉత్తమ ఆటగాడయ్యాడు. అయిదేళ్ల తర్వాత, 2024-25లో, మొదటి పూర్తి సీజన్ ఆడి 29 మ్యాచ్‌లు గెలిపించాడు. 2025లో ఏడేళ్ల కొత్త ఒప్పందం రాసుకున్నాడు. అయిదేళ్ల క్యూరింగ్ అంటే అదీ.

మా లెక్కలో నాలుగు పనులు

ఒకటి, జట్టును పుట్టిన సంవత్సరాలతో లెక్కపెట్టాలి. వుల్ఫ్ 2001లో పుట్టాడు. 24 గోల్స్ కొట్టిన మ్యాట్ కొరొనాటో 2002. డిఫెన్స్‌లో జేన్ పరేఖ్, ఫార్వర్డ్ గ్రిడిన్ 2006. రెష్నీ 2007. వీళ్లంతా ఒకేసారి బలమొచ్చే వయసుకు చేరేది 2029-30 ప్రాంతంలో. ప్రణాళిక ఆ ఏడాదికి వేయాలి, 2027కు కాదు. ఆ లోపు చేసే ప్రతి ట్రేడ్‌కూ ఒకటే ప్రశ్న: వచ్చేవాడు 2030లో మనకు పనికొస్తాడా?

రెండు, ఒప్పందం ముగియడానికి ఏడాది ముందే ఆటగాణ్ని కూర్చోబెట్టి తేల్చుకోవాలి. ఉంటావా, వెళ్తావా? వెళ్తానంటే గౌరవంగా, అతనికి విలువ ఉన్నప్పుడే పంపాలి. చివరి వారం దాకా ఆశ చూపించి పంపడం ఇద్దరికీ నష్టం.

మూడు, మధ్యలో ఆడే సెంటర్ స్థానాన్ని నింపాలి. రెష్నీ సెంటరే, పాటర్ కూడా ఆ స్థానంలో ఆడగలడు. ఒక్కరిద్దరితో అయ్యే పని కాదు, కాబట్టి వచ్చే వంతుల్లో మొదటి చూపు సెంటర్ల మీదే ఉండాలి.

నాలుగు, ప్రాపులన్నీ ఒకేసారి తీయొద్దు. మొత్తం ఓడిపోండి, మొదటి వంతులు అవే వస్తాయి అనేవాళ్లు మా సైటులో చాలామంది ఉన్నారు. వాళ్లకు మా జవాబు పక్క ఊరు ఎడ్మంటన్. 2010, 2011, 2012... మూడేళ్లు వరుసగా మొదటి వంతు వాళ్లదే. అయినా 2006 తర్వాత 2017 దాకా ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. కుర్రాళ్లున్నారు గానీ పక్కన నిలబడి నేర్పేవాళ్లు సరిపోలేదు. 2007లో ఫ్లేమ్స్ ఎంపిక చేసుకుని, 2023లో కెప్టెన్ చేసిన మికేల్ బాక్లండ్ లాంటి పెద్దమనిషి జట్టుకు ప్రాపు. అతని బదులు వచ్చే రెండో రౌండ్ వంతు కంటే అతని పక్కన కూర్చుని కుర్రాడు నేర్చుకునేదే ఎక్కువ. కొత్తగా వచ్చిన తమ్ముడికి సేఫ్టీ బెల్టు ఎలా కట్టుకోవాలో పుస్తకం నేర్పదు, పాత మేస్త్రీ నేర్పుతాడు.

ఇంకో మాట. కాగితం మీద ట్రేడ్ అంటే పేర్లు, అంకెలు. అటువైపు ఒక మనిషి ఉంటాడు. ఒక ఫోన్ వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో కొత్త ఊళ్లో ఉండాలి. పిల్లల బడి, ఇల్లు, భార్య ఉద్యోగం ఏమవుతాయో తర్వాత చూసుకోవాలి. వాళ్ల జీతాలకూ మన జీతాలకూ పోలికే లేదు, ఒప్పుకుంటాం. కానీ సామాన్లు సర్దుకోమని సాయంత్రం చెబితే పొద్దున ఇంకో క్యాంపులో దిగిన అనుభవం మనలో చాలామందికి ఉంది. నన్ను పంపకూడదని ఒప్పందంలో రాయించుకునే హక్కు పెద్ద ఆటగాళ్లకు ఉంటుంది. మనకు లేదు. అందుకే ఎవర్ని పంపినా ముందు చెప్పి పంపండి అని అడగడానికి మాకంటే అర్హులెవరు?

ఓడే సీజన్లు చూడ్డం కష్టమే. టికెట్ కొనడానికి మేం రెండు వారాంతాలు ఓవర్‌టైం చేయాలి. అయినా ఆగగలం. తేదీ కోసం పచ్చి స్లాబు మీద బరువేస్తేనే ఆగలేం.

కొత్త స్టేడియం తలుపులు తెరిచిన రోజు టికెట్ దొరికితే మేమూ వెళ్తాం. ముందు అలవాటుగా కప్పు వైపు, కాంక్రీట్ వైపు చూస్తాం. ఆ తర్వాత మంచు మీదికి దిగినవాళ్లలో ఈ ఊళ్లోనే ఆట ముదిరిన కుర్రాళ్లు ఎంతమందో లెక్కపెడతాం. ఆ రాత్రి ఓడినా సరే, ఆ లెక్క రెండంకెలు దాటితే తృప్తిగా ఇంటికొస్తాం.