మందూ కావాలి, న్యాయమూ కావాలి

డెల్టా పేటల నుంచి మన పిల్లలు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి, 2023లో మొదలైన రాజమహేంద్రవరం ప్రభుత్వ మెడికల్ కాలేజీకి వెళ్తున్నారు. చాలా ఇళ్లలో వాళ్లే మొదటి డాక్టర్లు. 'నీ ర్యాంకెంత?' అనే ప్రశ్న వెనుక కులం ఆరా ఉంటుంది. నిద్ర పట్టదు, పుస్తకం తెరవబుద్ధి కాదు. అప్పు చేసి పంపిన అమ్మానాన్నలకు చెప్పుకోలేరు. దీన్ని బలహీనత అంటే మేం ఒప్పుకోం.

జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024 నివేదిక ప్రకారం, సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది మానసిక సమస్యలున్నాయని చెప్పారు. ఒత్తిడి అందరికీ ఉంది. మన పిల్లలకు దానిపై కులం భారం అదనం. 2019లో ముంబైలో ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వి మరణించాక సీనియర్లపై కుల వేధింపుల కేసు నమోదైంది.

విశాఖలో నీట్ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కౌన్సెలర్ ఉండాలి. అణగారిన వర్గాల విద్యార్థులతో వివక్ష లేకుండా మెలిగేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. మీ కాలేజీలో అమలవుతున్నాయా? ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగండి.

అయితే కౌన్సెలింగ్ పేరుతో ఫిర్యాదును మూసేయనివ్వొద్దు. వేధింపులను తేదీలతో రాసిపెట్టుకోండి. డిప్రెషన్ జబ్బే, వైద్యం ఉంది. సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. టెలిమానస్ 14416కు ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. పక్క గది తలుపు రెండ్రోజులుగా మూసి ఉంటే, వెళ్లి తట్టండి.